నల్ల సైకిలు కమిషను

"అబ్బాయ్, ఆ ఎర్రది నీకు పనికిరాదు."

ఏసోబు తల తిప్పి చూశాడు. నరసరావుపేటలో ఫహీమ్ పాత సైకిళ్ళ కొట్టు ముందు, టైర్ల దొంతర మీద కూర్చున్నాడొక ముసలాయన. చేతిలో ఖాళీ టీ గ్లాసు.

"నిన్నెవరు అడిగారు పెద్దాయనా?"

"ఎవురూ అడగలా. ఇంజను పెడతానంటన్నావు గదా, అందుకని చెప్తన్నా."

నిజమే. పొలాల్లో మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ నుంచి విప్పిన పాత ఇంజను ఏసోబు సంచిలో ఉంది. దాన్ని సైకిలుకు బిగించుకోవాలి.

క్వారీలో రాయి పడి ఎడమ కాలు చచ్చుబడ్డాక సైకిలు తొక్కే శక్తి పోయింది. యజమాని జాలిపడి కంకర కొట్టే క్రషర్ గేటు దగ్గర కాపలా పని ఇచ్చాడు. కానీ పొద్దున ఆరింటికల్లా రావాలన్నాడు. ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. మొదటి బస్సేమో ఎనిమిదింటికి. ఒకటో తారీఖు నుంచి ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని తేల్చి చెప్పాడు.

భార్య పోయింది, పిల్లల్లేరు. ఆ పని కూడా పోతే ఏసోబును రోజుకొకసారి పలకరించే మనిషి ఉండడు.

అంత అవసరం మీద ఉన్నవాడికి సలహాలు చెవికెక్కుతాయా?

ముసలాయన లేచాడు. స్పానరు తీసి ఎర్ర సైకిలు గొట్టం మీద కొట్టాడు. పగిలిన కుండలా పలికింది.

"ఏం పని చేసేవాడివి?"

"క్వారీలో."

"రాయిని కొట్టి ఇనకుండానే ఉలి పెడతావా? మరి దీన్నెందుకు ఇనలా? రంగు కింద ఏడనో బీట పడుంది. మజ్జెలో మళ్ళీ ఈ స్ప్రింగొకటి. ఇంజను ఏడ పెడతావు, నెత్తినా?"

ఏసోబుకు రోషం వచ్చింది. తన విద్య తనకే నేర్పుతున్నాడు!

ముసలాయన గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిలును కొట్టాడు. ఖంగున మోగింది.

"ఇట్టాంటిది కావాల. గట్టి ఉక్కు. ఇంజను పట్టే జాగా ఉంది. ఎనక చక్రానికి నలభై పుల్లలు. పరిగెత్తించేది ఇంజనే అబ్బాయ్, ఆగాల్సింది మాత్రం సైకిలు."

"ఇదెంత?" ఏసోబు ఫహీమ్‌ను అడిగాడు.

ఫహీమ్ ముసలాయన వంక చూశాడు. "అదా... అది..."

"ఇచ్చెయ్ రా. ఎర్రదాని రేటే తీసుకో. ఆ డబ్బుతోనే దీనికి కొత్త టైర్లు, బ్రేకు రబ్బర్లు ఎయ్యి."

"బాబాయ్, మరి నువ్వు..."

"ఎయ్యమన్నానా!"

ఓహో, ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాడు ఏసోబు. అయినా ఆ మోత చెవిలోనే ఉంది. డబ్బు తీసి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు.

"ఇందులో నీ కమిషను ఎంత తాతా?"

ముసలాయన మొహం చిన్నబోయింది. అయినా నవ్వాడు.

"ఉందిలే. ఇంజను బిగించాక ఒకసారి నాదెండ్ల రా. ఎనకాల ఎక్కించుకుని నన్నొక చుట్టు తిప్పు. నా పేరు బాలకోటయ్య."

"నాకేం పనీపాటా లేదనుకున్నావా?"

ముసలాయన పై కండువా దులుపుకుని, ఎండలో రోడ్డు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆరు నెలలు గడిచాయి. ఇంజను బిగించిన సైకిలు మీద ఏసోబు ఒక్కరోజు కూడా పనికి ఆలస్యంగా వెళ్ళలేదు.

ఒకరోజు క్రషర్ వాలులో దిగుతుంటే, ఎదురుగా టిప్పరు ఉన్నట్టుండి వెనక్కి వచ్చింది. ఏసోబు రెండు బ్రేకులూ బిగపట్టాడు. సైకిలు కీచుమని అరిచి, టిప్పరుకు జానెడు దూరంలో ఆగింది.

అదే ఎర్రదైతే? కమిషన్లు తినే మనిషా ఆయన! తన నోటికి తనే సిగ్గుపడ్డాడు.

శనివారం ఫహీమ్ కొట్టుకు వెళ్ళాడు. టైర్ల మీద ఎవరూ లేరు.

"బాబాయ్ రావట్లేదన్నా. ఇదివరకు శనివారం శనివారం వచ్చి కూచునేవాడు. ఇంటికాడ మాట్లాడే దిక్కు లేదు గదా."

"మరి ఇప్పుడెందుకు రావట్లా?"

ఫహీమ్ నల్ల సైకిలు వంక చూశాడు.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నువ్వే పోయి అడుగన్నా."

ఏసోబు అటునుంచటే నాదెండ్ల పోయాడు. ఇవాళ ఒక చుట్టు కాదు, కోటప్పకొండ దాకా తిప్పుకొస్తానని దారంతా అనుకున్నాడు.

బాలకోటయ్య ఇంటికి తాళం వేసి ఉంది. ఇంజను చప్పుడుకు పక్కింటి ఆరోగ్యమ్మ గబగబా బయటికొచ్చింది. మనిషిని చూడలేదు, సైకిలును చూసింది. దగ్గరికొచ్చి హ్యాండిలు నిమిరింది.

"మామ సైకిలే!"

"ఆయన... సైకిలా?"

"ఇరవై ఏళ్ళు తొక్కాడయ్యా. పేటకు దీని మీదే పొయ్యేవాడు. ఆ రోజు పొద్దుగూకాక నడుచుకుంటా వచ్చాడు. సైకిలేది మామా అంటే, మావాడికిచ్చా, ఆడికి కాలు బాగాలేదన్నాడు."

ఏసోబు ఇంజను ఆపేశాడు.

"బస్సులో పోరాదా మామా అంటే ఇనేవాడు కాదు. మావాడే వచ్చి ఎక్కించుకుపోతాడనేవాడు. బండి చప్పుడైతే చాలు, చొక్కా ఏసుకుని అరుగు మీదికొచ్చేవాడు. పదకొండు రోజులైంది కన్నుమూసి."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని, ఏసోబు ఎడమ కాలు వంక చూసింది.

"పెళ్ళే చేసుకోని మనిషికి కొడుకేందని నవ్వుకున్నామయ్యా మేమంతా... ఆ కొడుకువి నువ్వేనా?"