వచ్చీరాని తెలుగు

"పిల్ల... అమ్మ... కావాలి."

ఇసుకలో ఆడుకుంటున్న వనజ తల నిమురుతూ అన్నది ఆ కొత్త మనిషి.

జీన్సు ప్యాంటు, కత్తిరించిన జుట్టు, భుజాన సంచి. చూడ్డానికి మన మనిషిలాగే ఉంది, తెలుగు మాత్రం నోరు తిరగడం లేదు.

వాకిట్లో కూర్చున్న హేమ్లి దిగ్గున లేచింది. కొడుకూ కోడలూ పోయాక ఆమెకు మిగిలింది ఈ నాలుగేళ్ల మనవరాలు ఒక్కతే.

"ఏందీ? పిల్లను అమ్మాల్నా నీకు?"

కొత్త మనిషి ముఖం వెలిగిపోయింది. "అమ్మ! అమ్మ కావాలి!"

ఇంకేముంది! ఏన్కూరు చుట్టుపక్కల పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని తండాలో ఫోన్లన్నీ ఒకటే మోత. ఫోన్లో వచ్చాక అబద్ధమవుతుందా, మన పిచ్చి గానీ!

"ఓ భీమ్లా! ఉరికి రార్రి! పిల్లల దొంగ దొరికింది!"

అరుస్తూనే హేమ్లి చేతికందిన రోకలెత్తి వీపు మీద ఒక్కటేసింది.

ఆమె బోర్లా పడింది. భీమ్లా జుట్టు పట్టి ఈడ్చాడు. తండాకు తండా వచ్చి పడింది. కర్రలు, రాళ్లు, చెప్పులు.

"ఎంతమంది పిల్లలను అమ్మినవే? చెప్పు!"

"అమ్మ... అమ్మ..." నోటినిండా రక్తం. అయినా అదే మాట.

"ఇంకా అమ్ముడేనా, సిగ్గులేని ముండ!"

ఈసారి హేమ్లి రోకలి ఆమె తల మీద పడింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు.

ఆమెను తీసుకొచ్చి, టైరు పంచరై రోడ్డు మీదే కారుతో ఆగిపోయిన డ్రైవర్ క్రిస్టోఫర్, అరుపులు విని పరుగెత్తుకొచ్చాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"సంపిర్రు కదరా! స్వీడన్ దేశంల పెద్ద రైటర్ ఈమె! కాలేజీల సాహిత్యం చెప్తది!"

"పిల్లను కొంటనన్నది," భీమ్లా గొణిగాడు.

"కొనుడేంది! తనూ ఒకరి పిల్లనేనని, కన్నతల్లి కావాలని అన్నది! ఆ మూడు మాటలు పొద్దుగాల నేనే నేర్పిన. మీ లంబాడి మాటల అమ్మను 'యాడి' అంటరని నేర్పకపోతి, నా నోరు పడిపోను! పసిగుడ్డప్పుడు ఈ తండాల నుంచే అనాథాశ్రమానికి పోయిందట. స్వీడనోళ్లు సాదుకున్నరు. రాసిన ప్రతి నవలల ఒక తల్లి ఉంటదట, ఏ తల్లికీ మొఖం ఉండదట. ఈసారి మొఖం చూసి రాస్తనని వచ్చింది."



క్రిస్టోఫర్ కళ్లు తుడుచుకుని, ఎదురుగా రోకలితో నిలబడ్డ ముసలామెనే అడిగాడు.

"అవ్వా, ఈమె తల్లి పేరు హేమ్లి అట. ఇల్లెక్కడ?"