తొలి నక్షత్రానికి ముందు

మూడో వరుసలో మళ్ళీ ఆ వెలుతురు కనిపించేసరికి వ్యాఖ్యాతకి ఒళ్ళు మండిపోయింది.

అది తారామండలంలో ఆదివారం ప్రదర్శన. ఖగోళశాస్త్రంలో ఓనమాలు దిద్దుకునే విద్యార్థులకి విశ్వం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో గుమ్మటం మీద చూపిస్తూ ఆయన చెబుతాడు.

అందులో ఒక ఘట్టమంటే ఆయనకి ప్రాణం.

మహావిస్ఫోటం నాటి వేడి చల్లారింది. నక్షత్రాలింకా పుట్టలేదు. కోట్ల ఏళ్లపాటు విశ్వమంతా కటిక చీకటి.

ఆ చీకటిని జనం కళ్ళారా చూడాలని ఆయన పట్టుదల. తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కించేవాడు. సిబ్బంది చాటుగా ‘చీకటి మాస్టారు’ అనుకుంటారని తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

అలాంటి చోట ఒకావిడ ఒళ్లో చిన్న టార్చిలైటు. ఏ ఆదివారం చూసినా అదే ఆవిడ, పక్కన అదే అమ్మాయి.

ఇక ఓపిక పట్టలేక హాల్లో లైట్లన్నీ వేయించాడు.

“మూడో వరుసలో అమ్మా, ఆ దీపం ఎందుకు?”

“ఏమనుకోకండి సార్. ఈ పిల్లకి...”

“పిల్లకి చీకటంటే భయమైతే ఇంట్లో పడుకోబెట్టండి. నా విశ్వంలో ఇంకా దీపాలు పుట్టలేదు.”

హాలంతా గొల్లుమంది. పక్కనున్న అమ్మాయి అటూ ఇటూ చూసింది. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

ఆవిడ టార్చి ఆర్పి, అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ప్రదర్శన అయ్యాక చూస్తే గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. మనిషి బాగా నీరసంగా కనిపించింది.

“ఇంకో నెల ఓపిక పట్టండి సార్. వెనక మూలన కూర్చుంటాం. ఆ తర్వాత నేను రాను.”

“ఎన్నిసార్లు చూస్తారమ్మా? పుస్తకాలున్నాయిగా, చదువుకోండి.”

“పుస్తకంలో మాటలే ఉంటాయండి. నాకు కదలిక కావాలి.”

“కదలిక కావాలంటే సినిమాకి వెళ్ళండి” అనేసి ఆయన చరచరా లోపలికి నడిచాడు. టార్చిలైటావిణ్ణి ఇక రానివ్వొద్దని టికెట్లు చింపే అతనికి గట్టిగా చెప్పాడు.

తర్వాతి ఆదివారం అతను ఆవిణ్ణి గేటు దగ్గరే ఆపేశాడు. ఆ పై ఆదివారమూ ఆపాడు. ఆ తర్వాత ఆవిడ రాలేదు.

హాల్లో చీకటి చక్కగా కుదిరింది. వ్యాఖ్యాత ఆ సంగతే మర్చిపోయాడు.

మరుసటి ఏడాది వినికిడి లేని పిల్లల బడి నుంచి ఒక జట్టు వచ్చింది. వెంట ఓ చిన్న వయసు టీచరు.

“వీళ్ళకి నా మాటలు ఎలా చెబుతారమ్మా?” ప్రదర్శనకి ముందు అడిగాడు వ్యాఖ్యాత.

“సైగల్లో చెప్పగలిగినంత చెప్తాను సార్. అసలు సగం కథ వీళ్ళకి ముందే వచ్చు. చూస్తారా?”

ఆవిడ చెయ్యి ఊపగానే పిల్లలందరూ పిడికిళ్ళు బిగించారు. పిడికిళ్ళు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. వేళ్ళన్నీ ఒకదానికొకటి దూరంగా జరుగుతూ పోయాయి. వేడి తగ్గుతున్నట్టు అరచేతులు మెల్లగా కిందికి దిగాయి. చివరికి రెండు చేతులూ వచ్చి కళ్ళని కప్పేశాయి.

ఇన్నేళ్లుగా తను గొంతు చించుకుని చెబుతున్నది ఇంత తేటగా చెప్పొచ్చని ఆయనకి తట్టనే లేదు. కళ్ళు చెమర్చాయి.

పిల్లలు చేతులు దించి ఒళ్లో పెట్టుకున్నారు.

“ఆపేశారేం? తర్వాత తొలి నక్షత్రం పుడుతుంది కదా.”

“అక్కణ్ణుంచి సైగల్లేవు సార్. ఇవి కూడా ఇదివరకు లేవు. మా పెద్ద టీచరు కల్పించారు. ఆదివారాలు ఇక్కడికే వచ్చేవారు. గుమ్మటం మీద ఏది ఎలా కదులుతుందో చూసి, అప్పటికప్పుడు చేత్తో పట్టేవారు. పక్కన ఒక పిల్లని కూర్చోబెట్టుకుని, దానికి అర్థమైతేనే ఆ సైగ ఖాయం.”

వ్యాఖ్యాత చూపు మూడో వరుస మీదికి వెళ్ళింది.

“చీకట్లో చేతులు కనబడాలి కదా, అందుకని ఒళ్లో చిన్న టార్చి పెట్టుకునేవారు. ఎందుకో ఒకరోజు గేటు దగ్గర ఆపేశారట. జబ్బు ముదిరిపోయిందని ఆవిడకి తెలుసు. పోయేలోగా మొత్తం పూర్తిచేయాలని తెగ తాపత్రయపడ్డారు. నెల తిరక్కుండానే పోయారు.”

“మిగతావి... మీరు కల్పించలేరామ్మా?”

“నేను ఈ భాష పెద్దయ్యాక నేర్చుకున్నదాన్ని సార్. ఆవిడ అమ్మా నాన్నా ఇద్దరికీ వినపడదు. ఆ భాష ఆవిడకి ఉగ్గుపాలతో వచ్చింది.”

ఆయన తల ఎత్తలేకపోయాడు. నోరు తెరిచి నిజం చెప్పడానికి ధైర్యమూ చాల్లేదు.

“ఇవాళ చీకటి వద్దు. లైట్లు ఉంచండి” అని మాత్రం అన్నాడు.

మైకు ముందు కూర్చుని, తొలి నక్షత్రం పుట్టుక చెబుతుంటే, టీచరు చేతులు కదలకుండా ఉండిపోయాయి. పిల్లలందరూ వాటి వంకే చూస్తున్నారు. ఆ చేతులకి మాట అందించగలిగిన ఒకే ఒక్క మనిషిని సినిమాకి వెళ్ళమన్నది తనే.