వంకలు పెట్టిన మనిషి

“ఆ నీలం బండి మాత్రం కొనమాకయ్యా,” అన్నాడు గేటు పక్కన కూర్చున్న ముసలాయన.

మధుబాబు ఆగాడు. వెనకే వస్తున్న కూతురు హరిత కూడా ఆగింది.

నరసరావుపేటలో పాత కార్లు అమ్మే షెడ్డు అది. తండ్రీ కూతుళ్లు గురజాల దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు.

“ఎందుకు కొనకూడదు పెద్దాయనా?”

“అది కరెంటు బండి. బ్యాటరీ పాతబడింది. ఇప్పుడు చలికాలం కాబట్టి బానే పోద్ది. ఎండలు ముదిరితే దోవలో వదిలేసిద్ది. ఆ తెల్లది చూడు, హైబ్రిడ్. బ్యాటరీ తగ్గినా పెట్రోలు లాగుద్ది, ఇల్లు చేరతారు.”

“పెట్రోలు పోయించే స్తోమతే ఉంటే కరెంటు బండి వెతుక్కుంటా ఎందుకొస్తా?”

“ఎవరి కోసం కొంటన్నావ్?”

“మా అమ్మ కోసం. కిడ్నీలు పోయినయ్. రోజు తప్పించి రోజు డయాలసిస్‌కి ఈ ఊరు తీసుకురావాల. బస్సులో కూర్చోలేదు. కిరాయి కార్లకి పెట్టీ పెట్టీ చితికిపోయాం.”

ముసలాయన ముఖంలో రంగు మారింది.

“అయితే అసలొద్దు. నా మాట విను.”

ఇంతలో లోపలి నుంచి షెడ్డు నడిపే శరత్ వచ్చాడు. ముసలాయన వంక ఒక్క చూపు చూశాడు. ముసలాయన కండువా దులుపుకుని, రోడ్డు అవతలి టీకొట్టు వైపు వెళ్లిపోయాడు.

మధుబాబు కూతురి చెవి దగ్గరికి వంగి నవ్వాడు.

“చూశావా, ఎట్లా జారుకున్నాడో. ఆ నీలం బండి మీద ఆయనకే కన్నుంది.”

“కాదేమో నాన్నా. మన మంచికే చెబుతున్నట్టున్నాడు.” అంది హరిత.

“నీకు తెలవదులే. మిర్చి యార్డులో ఇన్నేళ్ల నుంచి చూడట్లా? మన మిర్చి బస్తాలకి ఎవడు ఎక్కువ వంకలు పెడతాడో, వాడికే ఆ సరుకు కావాలి. తాలు ఉందంటాడు, తేమ ఉందంటాడు, పక్కోడి కాయ బాగుందంటాడు. ఆఖరికి తక్కువ రేటుకి అడిగేది మన కాయనే.”

హరిత తెల్ల బండి వైపు తిరిగి చూసింది.

తెల్ల బండిని ముసలాయన మెచ్చుకున్నాడు గనక మధుబాబు దాని దగ్గరికే పోలేదు. టీ తాగి ఆయన తిరిగొచ్చేలోపు బేరం ముగించెయ్యాలని తొందర. బ్యాటరీ గురించి అడగాలనుకున్నవి కూడా అడగలేదు.

బండి గేటు దాటుతుంటే ముసలాయన రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. హరిత వైపు సగం దించి ఉన్న అద్దం మీద చెయ్యి వేశాడు.

“అమ్మాయ్, కొంటే కొన్నారు. ఎండాకాలం మాత్రం మీ నాయనమ్మని దీంట్లో తీసుకురామాకండి.”

“అద్దం ఎత్తు,” అన్నాడు మధుబాబు. “బేరం పోయిందని కడుపుమంట.”

హరిత అద్దం ఎత్తింది.

చలికాలమంతా నీలం బండి బాగానే నడిచింది.

“శబ్దమే లేదేందిరా,” అనేది నాయనమ్మ రామాయమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని. “నడుస్తందా, నిలబడిందా?”

“నడుస్తందే అమ్మా. ఆ ముసలాయన చేతిలో పడుంటే ఈ సుఖం నీకు దక్కేదా?”

రోహిణి కార్తె వచ్చింది.

ఆ మధ్యాహ్నం పిడుగురాళ్ల దాటాక చార్జింగ్ కళ్ల ముందే పడిపోతూ వచ్చింది. మధుబాబు ఏసీ ఆపాడు. అద్దాలు దించాడు. వేడిగాలి మొహాన కొట్టింది. మరికాస్త దూరం ఈడ్చుకుంటూ పోయి బండి నిలిచిపోయింది.

ఎక్కడా చెట్టు నీడ లేదు.

రామాయమ్మ పాదాలు పొద్దుటి నుంచే ఉబ్బి ఉన్నాయి. ఊపిరి గురగురమంటోంది.

“ఆపావేందిరా? ఆసుపత్రి వచ్చిందా?”

“వచ్చిందే అమ్మా. కాసేపు ఓర్చుకో.”

మధుబాబు నడిరోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి బండికీ చేతులూపాడు. బస్సు ఆగింది గానీ ఆమె మెట్టెక్కలేకపోయింది. చానాసేపటికి ఖాళీ ట్రాలీ ఆటో ఒకటి ఆగితే, అందులో దుప్పటి పరిచి పడుకోబెట్టారు. హరిత దారి పొడవునా చున్నీతో విసురుతూనే ఉంది.

ఆసుపత్రిలో రామాయమ్మకు మంచం సిద్ధంగా ఉంచారు. ఆమె దాని మీదికి చేరలేదు.

పెద్దకర్మ అయ్యాక, ఒకరోజు తెల్లారకముందే చల్లపూట బయల్దేరి, తండ్రీ కూతుళ్లు నీలం బండిని తీసుకుని షెడ్డుకు వచ్చారు.

శరత్‌కి అప్పటికే కబురు అందినట్టుంది. గొడవకొచ్చారనుకున్నాడు.

“అన్నా, బండి వెనక్కి తీసుకుంటా. ఎంతోకొంత సర్దుతా.”

“బండి సంగతి తర్వాత,” అన్నాడు మధుబాబు. “ఆ రోజు గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడుంటాడో చెప్పు. ఒక్కసారి కాళ్లు పట్టుకోవాల.”

“లేడన్నా. ఉగాదికి ముందే పోయాడు.”

మధుబాబు అక్కడే చతికిలబడ్డాడు. హరిత తండ్రి భుజం పట్టుకుంది.

“పోయే ముందు కూడా అడిగాడు,” అన్నాడు శరత్, గొంతు తగ్గించి. “ఆ నీలం బండిలో వచ్చే ముసలామె ఎట్లా ఉందిరా అని.”

“నేనేమో ఆ బండి తను కొనుక్కోవడానికే వంకలు పెడుతున్నాడనుకున్నా.”

శరత్ మధుబాబు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆయన కొనడమేందన్నా,” అన్నాడు, “ఆ బండి, ఈ షెడ్డు అన్నీ ఆయనవే, ఆయన మా నాన్న.”