కపిల దారిలో పందెం కారు

"ఎద్దులను విప్పు," అన్నాడు లేవి. "కారును ఈడ నడిపి చూడాల."

బావి గట్టు మీద నిలబడ్డ అతని భార్య జీవమ్మ చేతుల్లోని తోలు బాన నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. మిరప మడి సగమే తడిసింది. తక్కిన సగం ఎర్రగా బీటలిచ్చి ఉంది.

"ఈ పొద్దు గూడానా?" అంది. కోపంగా అనడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. "మడి ఎండిపోతాంది గదయ్యా."

"ఈ ఒక్క తూరి. రేపే గదా పందెం."

ఆ కారు ఒకప్పుడు మిషను దొరది. వాగులో బోల్తా పడ్డాక ఆయన దాన్ని లేవికి వదిలేశాడు. లేవి దాని తలుపులూ పైకప్పూ ఊడబెరికాడు. కిరసనాయిలు డబ్బాలు సాఫు చేసి దానికి పొడుగాటి ముక్కు కట్టాడు. చర్చి తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర రంగు పూశాడు. ఇంట్లో ఉన్న ఒక్క మంచం నులకా విప్పి, కూర్చోవడానికి అల్లుకున్నాడు. వేసవి అంతా జీవమ్మ చాప మీదే పడుకుంది.

ఊరి చుట్టూ గుండ్రాళ్లే. కారు నడిపేంత సాఫు నేల, బావి నీళ్లు తోడే కపిలకు ఎద్దులను తోలే వాలుదారి ఒక్కటే. ఎద్దులు మోకు తాడు లాగుతూ ఆ దారిన దిగితే బావిలోంచి బాన పైకి వస్తుంది. జీవమ్మ దాన్ని కాలవలోకి ఒంపి కేక వేస్తే ఎద్దులు వెనక్కి నడిచి గట్టెక్కుతాయి. కారు తిప్పడానికి అక్కడ చోటు లేదు. అందుకని లేవి కూడా ఎద్దుల్లాగే దిగి, కారును వెనక్కి నడిపే మధ్య మీట కాలితో తొక్కి వెనక్కి వచ్చేవాడు.

కారు మెల్లగా వాలు చివరికి చేరింది. జీవమ్మ నోట అలవాటుగా అదే కేక వచ్చింది.

"హోయ్... ఎనక్కి!"

కారు వెనక్కి వచ్చింది. లేవి నవ్వాడు. "నన్ను గూడా ఎద్దును చేస్తివి గదమే."

జీవమ్మ నవ్వలేదు. కిందటి ఆదివారం నుంచి ఆమె గుండెల మీద ఒక రాయి కూర్చుని ఉంది. పందెం పెట్టే మద్రాసు దొర ఆ రోజు చర్చికి వచ్చాడు. గెలిచినవాణ్ణి తనతో తీసుకుపోయి తన పందెం కార్లు నడిపిస్తానన్నాడు. ఇల్లాలికి అక్కడ చోటు లేదన్నాడు. పాస్టరయ్య వెంటనే లేవి గెలుపు కోసం ప్రార్థన చేశాడు, సంఘమంతా ఆమెన్ అంది. గెలిచాక దొరతో పోనంటే ఇక లేవి ఆ చర్చి మెట్టు ఎక్కలేడు.

"గెలిస్తే పోతావా?" అని అడిగింది.

"గెలవకుండా ఉండేదానికా ఇన్ని దినాలు దీన్ని చేసింది?"

"మరి కపిల? ఒకరు ఎద్దులను తోలాల, ఒకరు బాన ఒంపాల. ఒంటి మనిషితో అయ్యే పనా ఇది?"

 లేవి కారు దిగి ఎద్దులను మళ్లీ కట్టాడు.

మరునాడు నందికొట్కూరు అవతల ఎండిపోయిన చెరువులో పందెం. చెరువు మధ్యలో సున్నం గీత గీశారు. మూడు కార్లు వరసగా నిలబడ్డాయి. వేగం వస్తుందని లేవి తన కారు పొగగొట్టానికున్న, మోత తగ్గించే డబ్బా పీకేశాడు. ఇంజను తిప్పగానే చెరువంతా అదిరింది. ఊళ్లో మగ్గం నేసే తిమ్మయ్య జీవమ్మ పక్కనే నిలబడి ఏదో చెబుతున్నాడు. అతని పెదవులు కదలడమే ఆమెకు కనిపించింది.

దుమ్ములో ఎర్ర ముక్కు కాసేపు కనిపించేది, కాసేపు మాయమయ్యేది. ఆఖరి చుట్టుకు అదే ముందుంది. తక్కిన రెండూ చాలా వెనక. సంఘం జనం చేతులెత్తి గంతులేస్తున్నారు. పాస్టరయ్య కండువా ఊపుతున్నాడు. జీవమ్మ ఒక్కతే కదలకుండా నిలబడింది. ఆమె కళ్లకు సగం తడిసిన మడి కనిపిస్తోంది, ఎద్దుల వెనక ఎవరూ లేని వాలుదారి కనిపిస్తోంది.

కారు సున్నం గీతకు ఇరవై బారల దూరంలోకి వచ్చింది. జీవమ్మ గొంతు చించుకుని అరిచింది.

"హోయ్... ఎనక్కి!"

కారు గీత ముందు గక్కున ఆగింది. ఒక్కసారి వణికింది. తర్వాత గట్టెక్కే ఎద్దులాగా వెనక్కి నడిచింది. తక్కిన రెండు కార్లూ దాన్ని దాటుకుని గీత మీదుగా దూసుకుపోయాయి.

లేవి ఇంజను ఆపాడు.  చెరువంతా నవ్వింది.

"ఏమప్పా లేవీ," అన్నాడు తిమ్మయ్య, "కపిల తోలేది ఈడ గాదప్పా, మీ బావికాడ."

దొర కూడా నవ్వి, గెలిచినవాడి భుజం తట్టి తన గుడారంలోకి తీసుకుపోయాడు.  ఇంటికి వచ్చేదాకా జీవమ్మ తల ఎత్తలేదు.

తెల్లారి మళ్లీ కపిల కట్టారు. కారు పందిట్లో ఉంది. దాని నులక మీద కోడిపెట్ట ఒకటి పొదిగినట్టు కూర్చుంది. లేవి మోకు మీద కూర్చుని ఎద్దులను కిందికి తోలాడు. బాన పైకి వచ్చింది. జీవమ్మ దాన్ని ఒంపింది కానీ కేక వేయలేదు. ఎద్దులు చెవులు రిక్కించి నిలబడ్డాయి.

"ఏమ్మే, అలిసిపోయినావా?"

"నిన్న నేను అరవకుండా ఉండుంటే నువ్వు గెల్చేవోడివి," అంది జీవమ్మ కాలవలోని నీళ్ల వైపు చూస్తూ. "తెలిసే అరిచినా."

"యాడ అరిచినావు?"

"గీత కాడ. ఎద్దులకు అరిచినట్టే."

లేవి మోకు సర్దుకున్నాడు. ఎద్దు వీపు మీద వాలిన ఈగను తోలాడు.

"నాకేం యినపల్యామే," అన్నాడు. "ఆ మోతలో నా మాటే నాకు యినపల్యా."