తేటగా పడాలి

"ఈ తడవన్నా మొగం పడిందా అయ్యా?"

పేరమ్మ అడుగుతూనే వీధి వైపు చూసింది. మైపాడు బస్సు దిగినప్పటి నుంచీ అంతే, ఎవరో వెంట పడుతున్నట్టు వెనక్కి చూస్తూనే ఉంది.

గంగాధరం ఫోటోలను బల్ల మీద పరిచాడు. నెల్లూరులో ఆయన స్టూడియోకు మంచి పేరుంది. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. నేర్చుకుంటామని ఎవరైనా వస్తే చాలు, చెప్పడం మొదలుపెట్టాడంటే ఇక ఆపడు.

"పడలేదమ్మా. ఇందులో మీ ఆయన తల తెగిపోయింది. ఇది మొత్తం మసక. చెయ్యి వణికినట్టుంది."

"వణక్కుండా ఎట్టుంటానయ్యా. చూసినాడంటే నన్ను బతకనిస్తాడా?"

ఆమె చెంప మీద వాపు ఇంకా తగ్గలేదు. గంగాధరం చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆమె వంట చేసిపెట్టిన దొరసాని, సొంత దేశానికి వెళ్ళిపోతూ ఇచ్చిన డబ్బా కెమెరా అది. ఎండుచేపల బుట్ట అడుగున దాచుకుంది. మొగుడు మాల్యాద్రి పడవ దిగగానే తాగుతాడు. తాగితే కొడతాడు. అలాంటివాడి ఫోటో కోసం ఇంత తాపత్రయమేమిటని గంగాధరానికి మొదట్లో వింతగా ఉండేది. సముద్రం మీదికి పోయే మనిషి, ఏ రోజు ఎలా ఉంటుందో, ఇంట్లో ఒక్క ఫోటో అయినా ఉండాలనుకుంటోంది కాబోలు. కొట్టినా మొగుడేగా. అలా అనుకున్నప్పుడల్లా ఆయనకు కళ్ళు చెమర్చేవి. ఫిల్ముకు కరువుగా ఉన్న రోజులైనా, అడగ్గానే ఇంకో రీలు ఇచ్చేవాడు.

పైగా మైపాడు మనిషి. ఆయన ఒకసారి పడవల్ని ఫోటో తీద్దామని అక్కడికి వెళితే, ఫోటోలో పడితే ఆయుష్షు పోతుందని జనం ముఖాలు తిప్పేసుకున్నారు. ఒక ముసలాయన కెమెరా మీద గుప్పెడు ఇసుక పోశాడు. ఆ ఊళ్ళో అలాంటి పిచ్చి నమ్మకాలు లేనిది ఈమె ఒక్కతేనని మెచ్చుకున్నాడు.

"ఇది చూడు," అంటూ ఒక ఫోటో తీశాడు. గుమ్మంలో పడుకున్న కుక్క. ఒంటి మీద వెంట్రుకలతో సహా కనిపిస్తోంది. "ఎంత తేటగా పడిందో. కదలకుండా ఉంది కాబట్టే ఇట్లా వచ్చింది."

పేరమ్మ ఆ ఫోటో చూసి చప్పున తల తిప్పుకుంది. "అది బాగానే పడిందయ్యా. నాకు తెలుసు."

"ముందు మీ పిల్లల్ని తీసి చెయ్యి కుదుర్చుకో."

"పిల్లోళ్ళ జోలి వద్దయ్యా."

ఆమె ముఖం పాలిపోయింది. పిల్లలు తండ్రికి చెప్పేస్తారని భయం కాబోలు అనుకున్నాడు.

"సరే, అతను నిద్రపోతున్నప్పుడు తియ్యి. పొద్దున్నే అయితే మంచిది. ఎండ నీ వీపు మీద పడాలి. ఊపిరి బిగబట్టి మీట నొక్కు."

"కళ్ళు మూసుకోనుంటే పనికొస్తాదా?"

గంగాధరం నవ్వాడు. "కళ్ళు మూసుకున్నా ఫోటో ఫోటోనేనమ్మా."

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. ఎడమ చేతికి కట్టు ఉంది. కొంగుముడి విప్పి రీలు చేతికిచ్చింది.

"మీట చప్పుడుకి కదిలినాడయ్యా. లేచినాడనే అనుకున్నా, నా పానం పోయినంత పనైంది. సాయంత్రానికి డబ్బా దొరికిపోయినాది. రాయితో చితక్కొట్టినాడు. రీలు ముందే తీసి దాచినాను కాబట్టి సరిపోయింది. ఇందులో గనక పడకపోతే ఇంక నా గతి అంతేనయ్యా."

గంగాధరం చీకటిగదిలోకి వెళ్ళాడు. ఆమె బల్ల అంచున కూర్చుంది. వీధిలో ఎవరి గొంతు వినబడ్డా లేచి తలుపు చాటుకు పోయింది.

ఆయన తడి ఆరని ఫోటో పట్టుకుని వచ్చాడు. అరుగు మీద వెల్లకిలా పడుకున్న మాల్యాద్రి. మీసం, నుదుటి మీద గాటు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి.

"ఇంతకంటే తేటగా నేను కూడా తియ్యలేనమ్మా. నేర్చుకున్నావు. అద్దం కట్టించి ఇస్తాను, ఇంట్లో పెట్టుకో."

పేరమ్మ ఫోటోను ముట్టుకోలేదు. అలాగే చూస్తూ ఉండిపోయింది. వీధి వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది.

"కుక్కయితే వారం తిరక్కముందే చచ్చిపోయినాదయ్యా, మనిషికి ఎన్నాళ్ళు పడతాది?"