పది కేజీల అనుమానం

ప్రభుదాసు సైకిలు బ్యాగు అడుగున, పానాల కింద, తువ్వాలులో చుట్టిన అయిదు కేజీల తూకం రాళ్ళు రెండు బయటపడ్డాయి.

పంచరు సామాను కోసం చెయ్యి పెట్టిన జోజిబాబు వాటిని ఒక్కొక్కటే తీసి టీకొట్టు బల్ల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది.

"ఏంట్రా ఇవి?" అన్నాడు అంకారావు, టీగ్లాసు దించి.

"నేనూ అదే అడుగుతున్నా."

తిరువూరు బస్టాండు ఎదుట మిట్టమధ్యాహ్నం. హంసలదీవి సముద్రం దగ్గర బయల్దేరి నాలుగు రోజులైంది. భద్రాచలం గోదావరి ఇంకా మూడు రోజుల దూరం. తిరువూరు ముగ్గురికీ సొంత ఊరే. దారిలో ఊరు తగిలినా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదని ముందే ఒప్పందం. కానీ ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉందని మోకాళ్ళకు తెలిసిపోతోంది. టీకొట్టు దగ్గర ఆగి పావుగంటైనా ఎవరూ బయల్దేరలేదు. జోజిబాబు కూడా టైరులో గాలి పోయింది కాబట్టి లేచాడు.

ఏడు నెలల కిందట అంకారావు గుండెకు రెండు స్టెంట్లు వేశారు. అప్పట్నుంచీ ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తనివ్వరు. తోటకు వెళితే కోత కూలీలు పరుగున వచ్చి కుర్చీ వేస్తారు. ఈ ప్రయాణానికి డాక్టరు "మెల్లగా అయితే సరే" అన్న రోజున మిత్రులిద్దరికీ అతనొక షరతు పెట్టాడు.

"ఒక్క పూట నేను వెనకబడినా అక్కడే బస్సెక్కేస్తా. జాలిపడి నాకోసం ఆగారో, మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

నాలుగు రోజుల్లో ఒక్కసారీ వెనకబడలేదు. వెనకబడిందల్లా ప్రభుదాసు. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని పరిగెత్తించిన మనిషి, మైలవరం దాటాక ఎత్తులో సైకిలు దిగి, రొప్పుతూ నడిపించుకొచ్చాడు. అంకారావు పైన నిలబడి చప్పట్లు కొట్టాడు. "రండి మాస్టారూ, బెల్లు కొట్టేశారు!" అని ఏడు నెలల తర్వాత గట్టిగా నవ్వాడు.

కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చిన ప్రభుదాసు బల్ల మీది రాళ్ళు చూసి ఆగిపోయాడు.

"నీ బ్యాగులోవే," అన్నాడు జోజిబాబు. "నాలుగు రోజుల్నుంచీ మోస్తూ నీకు తెలియలేదా?"

"బరువనుకోలేదురా. వయసనుకున్నా."

అంకారావు నవ్వాడు. జోజిబాబు నవ్వలేదు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై రెండేళ్ళయినా మొహంలోంచి స్టేషను పోలేదు. రాయిని తిరగేశాడు. ఎర్ర పెయింటుతో 'ఎ.ఆర్.' అని ఉంది.

"అంకా, ఇవి నీ మామిడి షెడ్డులోవి."

"నావే. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూల పడేశా."

"హంసలదీవికి వెళ్ళేముందు మనం సామాన్లు సర్దుకుందెక్కడ?"

"నా షెడ్డులోనే. ఏం?"

"వెనకబడకూడదని పంతం ఎవరిది?"

టీకొట్టతను కూడా గ్లాసులు కడగడం ఆపాడు.

"అంటే... నేను పెట్టానంటావా?"

"నేనేం అనలా. కనపడింది చెబుతున్నా."

"వదిలెయ్యరా జోజీ," అన్నాడు ప్రభుదాసు గబగబా. "ఎవరో పిల్లలు ఆటకి పడేసుంటారు. ఇక్కడే పారేసి పోదాం. ఎండ ముదురుతోంది."

"తువ్వాల్లో చుట్టి, పానాల కింద దాచి పెడతారా పిల్లలు? రాత్రి నీ పిక్కలు పట్టేస్తే నూనె రాసింది నేను. ఆ ఎత్తులో నీకేమన్నా అయ్యుంటే మీ ఆవిడ పుష్పలతకు ఏం చెప్పేవాణ్ణి?"



అంకారావు లేచాడు. "ఆరో క్లాసు నుంచీ ఒకే బెంచీరా మనం," అన్నాడు. "నేను పెట్టలేదు. నా కాళ్ళతో నేను తొక్కా. ఈ నాలుగు రోజులూ మళ్ళీ మనిషినయ్యాననుకున్నా."

"అయితే రాళ్ళకు కాళ్ళొచ్చాయా?"

అంకారావు సైకిలు స్టాండు తీసి, ముందు చక్రం తమ వీధి వైపు తిప్పాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు ప్రభుదాసు.

"ఇంటికి. కుర్చీ వేసే ఉంచుతారుగా."

ప్రభుదాసు అడ్డం వెళ్ళి హ్యాండిలు పట్టుకున్నాడు. "ఆగు. జోజీ, వాడికి సారీ చెప్పు."

"ఎవరు పెట్టారో తేలితే చెబుతా."

"వాడు కాదని నేను చెబుతున్నా కదా!"

"నీకెలా తెలుసు? ఎవర్ని కాస్తున్నావు?"

"హ్యాండిలు వదులు ప్రభూ," అన్నాడు అంకారావు. "దొంగనిపించుకుని భద్రాచలం రాలేను."

ప్రభుదాసు వదల్లేదు. ఒకసారి జోజిబాబు వైపు, ఒకసారి అంకారావు వైపు చూశాడు. నాలుగు రోజుల అలసట అంతా అప్పుడే మీద పడ్డట్టు భుజాలు దిగిపోయాయి. సత్తుపల్లి బస్సు హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆగి, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఉత్తుత్తి ఆయాసమైతే నువ్వు కనిపెట్టేస్తావని, నేనే పెట్టుకున్నానురా అంకా."