సాగనంపే పాట

"మైకు పెట్టవేం?" త్రేజా అవ్వ కసిరింది.

నేజా చెయ్యి కదల్లేదు. చనిపోయినవాళ్లను సాగనంపే పాట రికార్డు చేసుకుంటానని ప్రెక్‌ముర్యే ప్రాంతంలోని ఈ ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా, "ఎదురుగా శవం లేకుండా పాడకూడదే పిల్లా" అని అవ్వ తిప్పి పంపేసేది. పొద్దున "నీ రికార్డు పెట్టె పట్టుకురా, పాడతాను" అని కబురు రాగానే సంబరంగా పరిగెత్తుకొచ్చింది. పోయిందెవరని అడగాలన్నా తోచలేదు.

బల్ల మీద అవ్వ కూతురు గిజెలా శవమై ఉంది, చేతుల్లో జపమాలతో.

"వద్దవ్వా. ఇవాళ వద్దు."

"ఇవాళే కావాలి. రేపు నేను పోతే పాడుతుందని దీనికొక్కదానికే నేర్పాను." అవ్వ కూతురి జుట్టు సవరించింది. "ఇక నాకెవరు పాడతారు? నేను పోయినప్పుడు నీ పెట్టెతోనే పాడించు."

నేజా మీట నొక్కింది. కూతుర్నీ తననీ కలిపి సాగనంపుతూ అవ్వ గొంతెత్తింది.